కదలని అంకె

పది గంటలకు సున్నా పాయింట్ మూడు రెండు ఉన్న అంకె పదీ నాలుగుకూ సున్నా పాయింట్ మూడు రెండే, పదీ ఎనిమిదికీ అదే. సంతోషి చల్లారిన చాయ్ గ్లాసును పక్కకు జరిపి కుర్చీని తెరకు ఇంకాస్త దగ్గరగా లాక్కుంది, దగ్గరికి జరిగితే అంకె కదులుతుందా, కదలదు, తెలుసు, అయినా కన్ను ఊరుకోదు. తెర మీద పదకొండు గడులు. ఒక్కో గడికీ కింద బొగ్గుబాయిలో ఎక్కడో పైకప్పుకు వేలాడే ఒక సెన్సర్, దాని చుట్టూ ఉన్న గాలిలో నూటికి ఎన్ని పాళ్ళు మీథేన్ ఉందో చెప్పే ఒక అంకె. అన్నీ ఆకుపచ్చగా ఉన్నాయి. ఒకటో గడిలో అంకె పాయింట్ ఒకటి ఏడు, ఒకటి ఎనిమిది, మళ్ళీ ఒకటి ఏడు అంటూ ఊగుతోంది, నాలుగోదీ ఊగుతోంది, తొమ్మిదోది ఒకచోట కుదురుగా నిలవడం లేదు. ఏడోది నిలబడిపోయింది. బొగ్గు తీసే చోటి నుంచి తిరిగొచ్చే గాలి ఏడో సెన్సర్ కిందుగా పోతుంది, అక్కడ యంత్రం బొగ్గు ఎత్తినప్పుడల్లా కొంచెం గ్యాస్ వదులుతుంది, ఎవరైనా గాలితలుపు తెరిస్తే తగ్గుతుంది, మనుషులు నడిచినా ఎంతో కొంత మారుతుంది, ఎనిమిది నిమిషాల పాటు వెంట్రుకవాసి కదలని గాలి బాయిలో ఉండదు. అక్కడ ఈ పొద్దు ఇరవై ఇద్దరున్నారు. ఆ ఇరవై ఇద్దరిలో అంజి ఉన్నాడు, ఆమె తమ్ముడు, తెల్లవారి ఆరున్నరకు తన బండి వెనక కూర్చోబెట్టుకొని తీసుకొచ్చి, ఈ కంట్రోల్ రూము ముందర దింపి, మూడింటికి కలిసే పోదాం అక్కా అని హెల్మెట్ చంకలో పెట్టుకొని పోయినవాడు.

స్థితి అని రాసున్న బటన్ నొక్కింది. ఏడో నంబరు, సక్రమం, అని వచ్చింది. మళ్ళీ నొక్కింది. సక్రమం. అది అట్లాగే అంటుందని ఆమెకు పోయిన ఆగస్టు నుంచీ తెలుసు, ఆమెకూ జయకృష్ణ సారుకూ తప్ప ఎవరికీ సరిగ్గా తెలియదు.

హైదరాబాదులో ఆఫీసు రెండో అంతస్తు, కిటికీలు తెరవని గది, పొడుగాటి బల్ల మీద ఇవే సెన్సర్లు పదకొండూ వరసగా, పక్కన గ్యాస్ నింపిన చిన్న సిలిండరు. బాయిలో ఎప్పుడో జరగబోయే ఆపదలన్నీ ఆ బల్ల మీద ముందే జరిపించి చూడటం ఆమె ఉద్యోగం. తీగ తెంపితే ఏమంటుంది, నీళ్ళు పడితే ఏమంటుంది, కరెంటు పోయి వస్తే, రెండు సెన్సర్లు ఒక్కసారే అరిస్తే, ఒకటి అరుస్తుంటే ఇంకొకటి ఊరుకుంటే. వేరేవాళ్ళు ప్రోగ్రాం రాస్తారు, ఆమె దాన్ని పడగొట్టాలి, పడితే ఎట్లా పడిందో రాయాలి. ఆ రోజైతే ఏదీ పడగొట్టాలని లేదు, రెండు కావస్తోంది, ఆకలిగా ఉంది, అన్నానికి లేస్తుంటే కుర్చీ కాలు తగులుకొని ఏడో నంబరు తీగ ఊడింది. ఊడగానే గడి ఎర్రబడాలి, తీగ తెగింది అని చెప్పాలి, చెప్పలేదు, పాత అంకెనే పట్టుకొని పచ్చగా కూర్చుంది. డబ్బా మూత తీయకుండానే టిఫిన్ పక్కన పెట్టేసి, తీగ తగిలించి, సెన్సర్‌ను ఆపి మళ్ళీ మొదలుపెట్టి, ఇంకోసారి ఊడదీసింది, ఈసారి వెంటనే ఎర్రబడింది, మళ్ళీ ఊడదీసింది, ఎర్రబడింది. మరి ఇందాక ఏమైంది? అది తెలుసుకోవడానికి మూడు రోజులు పట్టింది. ప్రతి గంటకూ, గంట నిండిన క్షణాన, యంత్రం రెండు సెకన్ల సేపు తనను తాను పరీక్ష చేసుకుంటుంది, అంతా బాగానే ఉందా అని. సరిగ్గా ఆ రెండు సెకన్లలో తీగ తెగితే తెగిన సంగతి దానికి తెలియదు, ఆఖరుసారి విన్న అంకెనే చెప్తుంది, ఎవరో ఒకరు సెన్సర్ దగ్గరికే వచ్చి దాన్ని ఆపి మళ్ళీ మొదలుపెట్టేదాకా అదే చెప్తూ ఉంటుంది. గడియారాన్ని ముందుకు తిప్పుతూ తిప్పుతూ రెండు వందల పదకొండు సార్లు తీగ లాగింది. మూడు సార్లు పడింది.

"రెండు వందల పదకొండుకి మూడు," అన్నాడు జయకృష్ణ. ఆమె టీమ్ లీడరు, రాజమండ్రి వైపువాడు, గొంతు పెంచని మనిషి, వాళ్ళమ్మ చేసి పంపిన పులిహోర అందరి బల్లల దగ్గరికీ తిరిగి పంచేవాడు. "అదైనా నువ్వు కావాలని ఆ సెకనులో లాగావు గనక. గనిలో గడియారం చూసుకుని తీగ ఎవరు తెంపుతారు సంతోషీ? దీన్ని లోపం అని రాస్తే మళ్ళీ మొదటి పరీక్ష నుంచి రావాలి, అయిదు నెలలు. గమనిక అని రాయి. తరవాతి వెర్షన్లో సరిచేస్తారు, పూచీ నాది." లోపం అని ఉంటే సరుకు గేటు దాటదు, గమనిక అని ఉంటే దాటుతుంది. గమనిక అని రాసింది. ఎంత తరచుగా జరగవచ్చు అన్న గడిలో అత్యంత అరుదు అని రాసింది, ఆ మాట జయకృష్ణ చెప్పి రాయించలేదు, తనే రాసింది, మిగతా గడులు నిండాక అదొక్కటీ ఖాళీగా కనిపిస్తే వేలు ఆగలేదు. పరీక్షించినవారు అన్న చోట సంతకం చేసింది. అప్పటికి ఆ సరుకు ఏ బాయికి పోతుందో తెలియదు, జార్ఖండో ఒడిశానో అనుకుంది. ఇక్కడికని తెలిస్తే చేసేదా? చేయకపోయేదాన్ని అని ఎన్నోసార్లు చెప్పుకుంది, చెప్పుకున్న ప్రతిసారీ మళ్ళీ తననే అడుక్కుంది, అంటే జార్ఖండు వాళ్ళైతే పరవాలేదనా, వాళ్ళకు అక్కలు లేరనా.

ఫిబ్రవరిలో తెలిసింది ఎక్కడికో. మీ ఊరే కదా, ట్రయల్‌కి నువ్వే వెళ్ళు, వాళ్ళ మాట నీకొచ్చు, అన్నాడు జయకృష్ణ సంతోషంగా, ఆమెకేదో మేలు చేస్తున్నట్టు.

పదీ పన్నెండు. ఇప్పుడు చెప్పాలి. పక్క కుర్చీలోనే సదయ్య కాక ఉన్నాడు, ఒక్క మాట చాలు. కానీ మొన్న ట్రయల్ మొదటి రోజు కూడా ఒక్క మాటే చెప్పింది, మూడో నంబరు ఒకటి పాయింట్ నాలుగు చూపిస్తే గాభరాపడి లేచి అరిచింది, కింద కరెంటు తీసేశారు, జనం రెండు గంటలు చీకట్లో ఊరికే కూర్చున్నారు, తీరా చూస్తే ఆ సెన్సర్‌ను సున్నాకు సరిచేయడం తనే మరిచిపోయింది. మేనేజర్ భూపాల్ అందరి ముందర ఏమీ అనలేదు, లోపలికి పిలిచి తలుపు దగ్గరికి వేసి, "ఇంకొక్కసారి గిట్లయితే మీ డబ్బాలన్నీ పీకి వాపస్ పంపుత," అన్నాడు. ఆ సాయంత్రం అంజి బండి మీద ఒక్క మాట మాట్లాడలేదు, గోదావరిఖని చౌరస్తా దాటినాక మాత్రం, "మా వోళ్ళందరు నిన్ను డబ్బా అక్క అంటున్నరు," అని నవ్వాడు, నవ్వులో కొంచెం ఇబ్బంది. ఈరోజు ట్రయల్‌కు ఆఖరి రోజు. మూడింటికి ట్రయల్ సరిగ్గా నడిచిందని కాగితాల మీద సంతకాలు. గాలి నిజంగానే నిలకడగా ఉందేమో, యంత్రం ఆగి ఉందేమో, పళ్ళచక్రం విరిగి అందరూ కూర్చొని ఉన్నారేమో, అట్లా అయితే కదలకపోవచ్చు, ఇంకో నిమిషం చూద్దాం. పదీ పదమూడు. పదీ పద్నాలుగు. పదీ పదహారు. ఈ నిమిషాల సంగతి ఎవరూ ఆమెను అడగరు, ఏ రిపోర్టులోనూ రావు, కానీ అంజి కింద ఉండగా తను నాలుగు నిమిషాలు భూపాల్ మొహం తలుచుకుంటూ కూర్చుంది.

"కాకా," అంది. "ఏడో నంబర్ చూడు."

సదయ్య కళ్ళజోడు ముక్కు మీదికి దించుకున్నాడు. ముప్పై ఏళ్ళు కింద పనిచేసిన మనిషి, కప్పు నుంచి పెళ్ళ ఊడి కాలు మీద పడ్డాక ఈ కుర్చీ ఇచ్చారు. "మంచిగనే ఉన్నది గద బిడ్డా. పాయింట్ మూడు రెండు."

"పది గంటల సంది గదే ఉన్నది. కదుల్తలేదు."

"కదలకుంటే ఏంది?"

"సెన్సర్ సచ్చిపోయినా అది గట్లనే సూపెడ్తది కాకా. నాకెర్క."

ఎట్లా ఎరుక అని అడుగుతాడనుకుంది. అడగలేదు. ఫోన్ తీసి కింద బొగ్గు తీసే ప్యానెల్‌కు తిప్పాడు, రిసీవర్ చెవికీ భుజానికీ నడుమ ఇరికించుకొని చేత్తో బల్ల మీద దుమ్ము తుడుస్తూ నిలబడ్డాడు, కింద ఎక్కడో గంట మోగడం ఆమెకు కూడా వినిపిస్తోంది, పది, పన్నెండు, ఇరవై. "యంత్రం మోతల ఇనపడది ఆళ్ళకు," అన్నాడు. "కరెంట్ తీస్త. తీస్తే ఆళ్ళే ఫోన్ చేస్తరు."

"కాకా, మేనేజర్ సార్‌ను అడుగుదామా ముందుగాల?"

"అడుగుదాం. తీసినంక అడుగుదాం."

స్విచ్ కిందికి లాగాడు. అంతే, అంత తేలిక. రెండు నిమిషాలకు ఫోన్ మోగింది, ఓవర్‌మెన్ బుచ్చన్న, ఆ ప్యానెల్‌కు పెద్ద, గొంతు గది మధ్య దాకా వినిపిస్తోంది, ఎవడ్రా కరెంట్ తీసింది అని. సదయ్య మెల్లగా చెప్పాడు, "జనాన్ని బయటికి తోలు బుచ్చన్నా. గ్యాస్ ఎంతున్నదో మాకీడ కనవడ్తలేదు... లేదు, డబ్బా పచ్చగనే ఉన్నది, గని నమ్మబుద్ధి అయితలేదు... జనం పొయినంక నువ్వు మీటర్ పట్టుకొని రిటర్న్ గాలిల కొలిచి ఫోన్ చెయ్." రిసీవర్ పెట్టేశాక భూపాల్‌కు చేసి రెండు ముక్కల్లో చెప్పాడు. వస్తున్నానన్నాడంతే.

పదీ ఇరవై మూడు. ఇరవై ఇద్దరూ నడిచి, కదిలే తాడుకు వేలాడే కుర్చీల దాకా రావాలి, ఒక్కొక్కరూ ఎక్కి పైకి రావాలి, నలభై నిమిషాలు. చేసేది ఏమీ లేదు. బయట ఎండ, మార్చి దాటకముందే రామగుండం ఎండ, కిటికీ అవతల బాయి నోటి దగ్గర పిట్ టాప్ మీద బొగ్గుపొడి మెరుస్తోంది, పవర్‌హౌస్ పొగగొట్టాలు దూరంగా తెల్లని ఆకాశంలోకి తెల్లని పొగ వదులుతున్నాయి, ఎక్కడ పొగ ఆగి ఎక్కడ ఆకాశం మొదలవుతుందో చెప్పలేం. ఇట్లాంటి ఎండలో అంజి పరుగెత్తేవాడు. పొద్దున అయిదింటికి లేచి స్టేడియం చుట్టూ పన్నెండు రౌండ్లు, కానిస్టేబుల్ పరీక్షకు, సాయంత్రం మళ్ళీ పన్నెండు, అయిదు కిలోమీటర్లు ఎంతలో పరుగెత్తాడో గోడ మీద బొగ్గుతో రాసేవాడు, నస్పూర్ క్వార్టర్ గోడ, వాళ్ళు ఖాళీ చేశాక వచ్చినవాళ్ళు ఆ గోడకు సున్నం వేసి ఉంటారు. బాయిలో పనిచేసే బాపు ఊపిరితిత్తులు బొగ్గుతో నిండిపోయాయని మెడికల్ బోర్డు అన్‌ఫిట్ రాసినప్పుడు ఆమె మంథని ఇంజనీరింగు కాలేజీలో ఆఖరు సంవత్సరం, వాడు డిగ్రీ రెండో సంవత్సరం. ఆయన బదులు ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తారు. ఎవరికి అన్న మాట ఎవరూ పైకి అనలేదు, ఆ వారం రోజులూ అందరూ ఒకళ్ళనొకళ్ళు తప్పించుకొని తిరిగారు, చివరికి అంజే అన్నంలో చెయ్యి పెట్టి తల ఎత్తకుండా, నేను పోత తియ్యి, అక్క సదువు ఇడిసిపెడితె ఏం లాభం, అన్నాడు. అప్పుడు ఆమె వద్దనాలి. ఒక్కసారైనా, ఉత్తుత్తికైనా, వద్దురా అనాలి. కూర గిన్నె వాడి వైపు జరిపింది. అంతే చేసింది.

బాపు ఎల్లేశం బాయిలో సర్దార్, షిఫ్టు మొదలయ్యేముందు గ్యాస్ ఉందో లేదో దీపంతో చూసేవాడు, ఇత్తడి దీపం, మంట చుట్టూ లోహపు జాలి, గాలిలో మీథేన్ ఉంటే మంట మీద లేత నీలం టోపీ లేస్తుంది. చిన్నప్పుడు ఇంట్లో కిరసనాయిలు దీపం ముందర కూర్చోబెట్టుకొని చూపించేవాడు, ఈడ నీలముంటది బిడ్డా, ఈడ, కన్ను ఆర్పకుండ సూడాలె. ఒకవేళ దీపం ఆరిపోతే బాపూ? ఆరితే ఇంకేమున్నది, ఆరిందని కనవడ్తది గద, ఉరుకుడే. ఆరిందని కనబడుతుంది. ఇరవై ఆరేళ్ళు ఆయన ఆ ఒక్క ధీమాతో దిగాడు, ఆరితే చీకటవుతుంది, చీకటైతే తెలుస్తుంది. ఆమె పరీక్ష చేసి పంపిన దీపం ఆరిపోయినా వెలుగుతున్నట్టు కనిపిస్తుంది. ఈ సంగతి బాపుకు చెప్పాల్సిన అవసరం రాలేదు, ఆయన పోయి రెండేళ్ళు, ఈ మాట మనసులోకి రాగానే అమ్మయ్య అనిపించింది, అనిపించినందుకు మళ్ళీ వెగటు.

ఇప్పుడు అక్కడ ఎంత ఉంటుంది? పాయింట్ మూడే ఉండొచ్చు. ఒకటి ఉండొచ్చు. రెండు దాటి ఉండొచ్చు, అయిదు దాటితే ఒక్క నిప్పురవ్వ చాలు. జనం వచ్చేస్తున్నారు కదా, కరెంటు తీసేశారు కదా, నిప్పురవ్వ ఎక్కడిది. రెండు ఉంటే. బుచ్చన్న ఫోన్ చేసి రెండు అని చెప్తే భూపాల్ ఏమీ అనలేడు, జయకృష్ణ ఏమీ అనలేడు, గమనిక కొట్టేసి లోపం అని రాస్తారు, సరుకు మొత్తం వెనక్కి పోతుంది, ఆ రెండు సెకన్లను ఎవరో కూర్చొని సరిచేస్తారు. అందరూ పైకి వచ్చాక రెండు ఉంటే మంచిది. ఒకటిన్నర ఉన్నా మంచిదే. ఉండాలి, దేవుడా, ఉండాలి అని ఆమె పెదవులు కదులుతున్నాయి, కదులుతున్నాయని తెలియగానే చేత్తో నోరు మూసుకుంది. ఏం మొక్కుతున్నాను నేను. అంజి ఇంకా కిందనే ఉన్నాడు, తాడు కుర్చీ దగ్గర వరసలో నిలబడి ఉంటాడు, వాణ్ణి అక్కడ పెట్టుకొని గ్యాస్ ఉండాలని మొక్కుతున్నాను. వద్దు, వద్దు, ఉండొద్దు, అని తిరగేసి మొక్కింది, కానీ మొదటి మొక్కే గట్టిగా వచ్చింది, రెండోది నోటి మాట. పొద్దున అంజి భార్య జమున రెండు టిఫిన్ డబ్బాలు పక్కపక్కన పెట్టి మూతలు బిగిస్తూ, "వదినె, మీ మిషన్ అచ్చినంక నాకు జర ఫికర్ తగ్గింది. ఈయన పోయినంక ఊకె గడియారం సూస్తుంటి," అంది. తను ఏమన్నది? నవ్వింది. ఆ నవ్వు ఎందుకు నవ్వానో అని ఇప్పుడు పళ్ళు బిగించుకుంది.

పదీ యాభై అయిదుకు భూపాల్ వచ్చాడు, తెల్లచొక్కా వీపంతా తడిసి, వెనక నిలబడి తెర వైపు చూస్తూ ఉండిపోయాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. గడియారంలో పదకొండు గంటలు నిండినప్పుడు సంతోషి ఒక్కతే ఆ రెండు సెకన్లనూ లెక్కపెట్టుకుంది. పదకొండూ అయిదుకు కిటికీలోంచి మొదటి దీపాలు కనబడ్డాయి, ఎండలోకి వచ్చి కూడా ఆర్పని టోపీ దీపాలు, ఒకడు, ఇద్దరు, అయిదుగురు, నల్లటి మొహాలు, నవ్వుకుంటూ, బీడీలకు జేబులు తడుముకుంటూ. పద్నాలుగో వాడు అంజి. పద్నాలుగు అని వేలు మడిచాక కానీ తను లెక్కపెడుతున్నట్టు ఆమెకు తెలియలేదు. అప్పుడే ఫోన్ మోగింది. సదయ్య ఎత్తాడు, విన్నాడు, "మల్లొకసారి కొలిచినవా," అన్నాడు, మళ్ళీ విన్నాడు. ఫోన్ పెట్టి ఎవరి వైపూ చూడకుండా చెప్పాడు.

"పాయింట్ మూడు."

సంతోషి ఒంట్లోంచి ఏదో జారిపోయింది, అది ఊరట, ఖచ్చితంగా ఊరటే, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కానీ దాని అడుగున ఇంకొకటి కూడా జారింది, దానికి పేరు పెట్టడం ఆమెకు ఇష్టం లేకపోయింది.

"తీగ సంగతి?" అంది.

"తెగింది బిడ్డా. జంక్షన్ డబ్బాల నీళ్ళు దిగి జాయింటు ఊడిందట. ఎలక్ట్రీషియన్ కడ్తున్నడు."

"సూడుండ్రి సార్," ఆమె లేచి ఏడో గడి మీద వేలు పెట్టింది. "తీగ తెగింది. తెగి గంట దాటింది. తెగినట్టు చెప్పనే లేదు, పచ్చగ ఉన్నది, సక్రమం అంటున్నది. నేను చెప్పింది నిజమే కదా సార్."

భూపాల్ రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. కోపంగా లేడు, అదే కష్టంగా ఉంది, అలసిపోయి ఉన్నాడు. "అమ్మా, కింద గ్యాస్ ఎంతున్నది? పాయింట్ మూడు. నీ తెర మీద ఎంతున్నది? పాయింట్ మూడు రెండు. మరి తప్పేడున్నదో జర సూపెట్టు."

"అది పది గంటల అంకె సార్. ఇప్పుడు కూడ అంతే ఉండుడు..."

"ఉండుడు ఏంది, అదృష్టమా? అయితే మంచిదే గద." కిటికీ అవతల గుమిగూడిన జనాన్ని చూపించాడు. "ఒక ప్యానెల్ గంటసేపు బందైంది. నేను పైకి ఏం రాసియ్యాలె? డబ్బా ఉన్నది ఉన్నట్టు సూపెట్టింది, గందుకని పని ఆపినం అని రాయాల్నా? నువ్వే చెప్పు, ఎట్ల రాయమంటవో గట్లనే రాస్త."

ఎట్లా రాయాలి? ఆగస్టులో నేను పరీక్ష చేసినప్పుడే ఇది తెలుసు, నేనే గమనిక అని రాశాను, నేనే అత్యంత అరుదు అని రాశాను. ఆ మాట చెప్పాలి, ఇప్పుడైనా చెప్పాలి, చెప్పింది. మూడు వాక్యాల్లో చెప్పేసింది. భూపాల్ ఆసాంతం విన్నాడు, సదయ్య కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. "గమనిక గద," అన్నాడు భూపాల్ చివరికి. "మాకిచ్చిన కాగితాలల్ల గమనికలు నలభై ఉన్నయ్. చదివిన నేను. నువ్వే అరుదు అని రాసి, నువ్వే సంతకం పెట్టి, ఇయ్యాల నువ్వే అరిస్తే నేనేది నమ్మాలె తల్లీ?" బయటికి పోతూ ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేయమని సదయ్యతో చెప్పాడు, తీగ కలవగానే కరెంటు ఇవ్వమన్నాడు, షిఫ్టు ఇంకా మూడున్నర గంటలుంది, జనం చాయ్ తాగి దిగాలి.

జయకృష్ణ ఫోన్ అయిదు నిమిషాల్లోనే వచ్చింది, ఆమె చేయకముందే, భూపాల్ చెప్పి ఉంటాడు. "ఎవరికీ ఏమీ కాలేదుగా సంతోషీ? మీ తమ్ముడు బాగున్నాడుగా? హమ్మయ్య."

"అదే మళ్ళీ వచ్చింది సార్. సరిగ్గా పది గంటలకు."

"విన్నాను. రాసుకున్నాను కూడా. తరవాతి వెర్షన్లో మొదటిది ఇదే." ఆయన గొంతులో ఆమె మీద నిజమైన జాలి ఉంది. "నువ్వు సాయంత్రం బండికి వచ్చేయమ్మా. అక్కడ ఇక నువ్వుంటే వాళ్ళకీ ఇబ్బంది, నీకూ ఇబ్బంది. సంతకం నేను ఇక్కణ్ణించి పెట్టి పంపిస్తాను."

"మీరిక్కడ లేరు కదా సార్. చూడకుండా ఎలా పెడతారు?"

"నువ్వు చూసి పెట్టింది ఉందిగా," అన్నాడు మెల్లగా. "ఆగస్టులోది. దాన్ని చూసే పెడుతున్నాను."

ఫోన్ చేతిలోనే ఉంది, పెట్టేశాడో లేదో చూసుకోలేదు. కింద తీగ కట్టి సెన్సర్‌ను ఆపి మళ్ళీ మొదలుపెట్టినట్టున్నారు, తెర మీద ఏడో గడి ఒక్కసారి నల్లబడి మళ్ళీ వచ్చింది, పాయింట్ మూడు ఒకటి, మూడు నాలుగు, మూడు మూడు. సదయ్య స్విచ్ పైకి ఎత్తాడు. "నేనుంటే సూస్త బిడ్డా," అన్నాడు, "గంట గంటకు సూస్త. నాకింక ఏడు నెలలే ఉన్నది సర్వీసు. రెండో షిఫ్టోడు, మూడో షిఫ్టోడు సంగతి నేను చెప్పలేను." ఆమె తల ఊపింది. గదిలో ఉండలేక బయటికి వచ్చింది, ఎండ మొహాన కొట్టింది, చాయ్ కొట్టం దగ్గరున్న జనంలోంచి ఎవరో, "అంజీ, మీ అక్కను రోజు గిట్లనే బయటికి పిలవమనురా, మంచిగ చాయ్ తాగి పోదుం," అన్నారు, అందరూ నవ్వారు, చెడ్డ నవ్వు కాదు. అంజి నవ్వలేదు. గ్లాసు కింద పెట్టి ఆమె దగ్గరికి వచ్చాడు. కళ్ళ చుట్టూ తప్ప మొహమంతా నల్లగా ఉంది, ఆ కళ్ళు స్టేడియం చుట్టూ పరుగెత్తేవాడివే, బాయిలో దిగిన తొమ్మిదేళ్ళలో అవి మాత్రం మారలేదు.

"మేనేజర్ తిట్టిండా?"

"లేదు. సాయంత్రం పోతున్న రా నేను. హైదరాబాద్ రమ్మన్నరు."

"ఊఁ," అన్నాడు. హెల్మెట్ పెట్టుకొని గడ్డం కింద పట్టీ బిగించుకున్నాడు. అవతల కుర్చీల తాడు కదలడం మొదలైంది, మొదటివాళ్ళు అటు నడుస్తున్నారు. "అక్కా, ఒకటి అడుగుత. నిజం చెప్పు. ఆ ఏడో నంబర్‌ను నమ్మొచ్చా?"

నమ్మొచ్చు అనొచ్చు. ఇప్పుడు అంకె ఊగుతోంది, ఈ నిమిషానికి అది అబద్ధం కూడా కాదు. వాడు ముందు పట్టీ బిగించుకొని తర్వాత అడిగాడు, అంటే ఏది చెప్పినా వాడు దిగుతాడు, దిగక తప్పదు, రేపూ దిగుతాడు, ఎల్లుండీ, ఇంకో ఇరవై ఎనిమిదేళ్ళు దిగుతాడు. నమ్మొచ్చు అంటే నిమ్మళంగా దిగుతాడు. జమునకు చెప్తాడు, అక్క నమ్మమన్నది అని. వాడి మొహంలో అదే కనిపిస్తోంది, ఆ ఒక్క మాట ఇచ్చేసేయ్ అక్కా అన్నట్టు. ఇచ్చేస్తే ఏం పోతుంది, ఒకసారి కాగితం మీద ఇచ్చిందే కదా.

"నమ్మకు," అంది.

అంజి ఆమెను చూశాడు. "మరి ఏం చెయ్యాలె?"

ఆమె ఏళ్ళ తరబడి రాసిన రిపోర్టుల్లో ఎక్కడా ఆ గడి లేదు. ఏది ఎట్లా పాడవుతుందో రాసింది, ఎన్నిసార్లు పాడవుతుందో రాసింది, కింద ఉన్నవాడు ఏం చేయాలో ఎవరూ అడగలేదు. "బుచ్చన్న మీటర్ పట్టుకొని అచ్చినప్పుడల్లా కొలవమను," అంది. "ఆయన దగ్గర్లనే ఉండు."

"ఆయనకు మూడు ప్యానెళ్ళున్నయ్ అక్కా. నా కోసం ఆగుతడా?"

తాడు దగ్గరి నుంచి ఎవరో పేరు పెట్టి పిలిచారు. అంజి వెళ్ళబోయి ఆగాడు, టోపీ దీపం స్విచ్ మీద వేలు పెట్టి, వెలిగించకుండా, నేల వైపు చూస్తూ అన్నాడు, "చెప్పకుంటే అయిపోవు గదనే. పొద్దటి దాంక మంచిగనే పోయేటోణ్ణి."

అతని గొంతులో కోపం లేదు. తిరిగి నడిచాడు, వరసలో చివర నిలబడ్డాడు, తన వంతు వచ్చినప్పుడు తాడును ఒక చేత్తో పట్టుకొని కుర్చీ మీద కూర్చొని రెండు కాళ్ళూ నేల మీది నుంచి పైకి ఎత్తుకున్నాడు.